గీత గీసి వదిలిన మాట

జగిత్యాలలో ఒక డీటీపీ షాపులో తొమ్మిదేళ్లుగా టైపింగ్ చేస్తున్నాను. పొద్దున కోరుట్లలో బస్సెక్కి వస్తాను, సాయంత్రం అదే దారిన తిరిగి పోతాను. ఇన్నేళ్లలో నా వేళ్లు కొట్టినవన్నీ పెళ్లి పత్రికలు, భూముల దరఖాస్తులు, దుబాయికి పోయేవాళ్ల బయోడేటాలు, దశదిన కర్మ కార్డులు. కళ్లు మూసుకుని "శుభలేఖ" కొట్టగలను. చదవడమంటే ఇష్టమని కాలేజీ రోజుల్లో అందరికీ చెప్పుకునేదాన్ని. తర్వాత ఆ సంగతి నాకే గుర్తులేకుండా పోయింది.

ఆ పెద్దాయన మొదటిసారి వచ్చింది ఒక మంగళవారం. నుదుట సిందూరం ఉంది, కొండగట్టు అంజన్న గుడి నుంచి నేరుగా వచ్చినట్టున్నాడు. సంచిలోంచి పొడుగాటి నోట్‌బుక్కు ఒకటి తీసి నా ముందు పెట్టాడు.

"టైపు కొట్టాలె అమ్మా. పుస్తకం ఏపిచ్చుకుంట."

ఆ వయసు వాళ్లు తెచ్చేవి భజన పాటలో, వంశవృక్షమో అయి ఉంటాయి. "పెట్టి పోండి కాకా, వచ్చే మంగళవారం ఇస్త" అన్నాను.

"పెట్టిపోను. గీన్నే కూసుంట. నువ్వు కొట్టినంత కొట్టు, బుక్కు మళ్ల నేను పట్టుకపోత."

అక్కడే మొదలైంది నా విసుగు. పక్కన మనిషి కూర్చుని తెర వంక చూస్తుంటే నాకు వేళ్లు తడబడతాయి. పైగా ఆయన రాత సన్నగా, వాలుగా, లైన్లను పట్టించుకోకుండా ఉంది. తిట్టుకుంటూనే మొదటి పేజీ తెరిచాను.

అది భజన పాట కాదు. ఎక్కడో ఉత్తరాన, మంచు కొండల్లో రోడ్డు వేసే కూలీల కథ. రాతిలో మందు కూరి పేల్చుతారు. పేల్చినప్పుడల్లా చప్పుడు ఎదుటి కొండకు తగిలి తిరిగి వస్తుంది. ఒకరోజు పేల్చిన చప్పుడు తిరిగి రాలేదు. కొండ దాన్ని మింగేసింది. మూడు రోజుల తర్వాత, పట్టపగలు, కూలీలు అన్నం తింటుండగా కొండ ఆ చప్పుడును వాపసు ఇవ్వడం మొదలుపెట్టింది. అయితే చప్పుడుగా కాదు, ఒక్కొక్కరి తల్లి గొంతుగా. పేరు పెట్టి పిలుస్తుంది. "ఆఁ" అన్నవాడు చేతిలో ముద్ద అట్లాగే పట్టుకుని లేచి మంచులోకి నడిచిపోతాడు. ఎల్లారెడ్డిపేట దిక్కు నుంచి పోయిన కూలీ ఒక్కడే పలకలేదు. దయ్యం ఒక్కసారే పిలుస్తుంది, మూడుసార్లు పిలిస్తేనే పలకాలని వాళ్ల నాయనమ్మ చెప్పి ఉంది. వాడు చెవులు మూసుకుని కూర్చున్నాడు. ఒకసారి పిలుపు వచ్చింది, ఊరుకున్నాడు. రెండోసారి వచ్చింది, ఊరుకున్నాడు. కథలో చివరి వాక్యం ఇది: "మూడోపారి గూడ పిలిచింది."

నా ఎదురుగా ఆధార్ కాగితాలు పట్టుకుని నిలబడ్డ ఆమె రెండుసార్లు పిలిచిందట, నాకు వినబడలేదు. దయ్యం కథలంటే టీవీలో తెల్లచీర, గాలికి కొట్టుకునే కిటికీ అనే అనుకునేదాన్ని. కొండకు గొంతు ఉంటుందని, దానికి మన ఇంటి సంగతులు కూడా తెలుస్తాయని ఎప్పుడూ అనుకోలేదు.

"ఇది మీరే రాసిండ్రా కాకా?"

"నేనే. సగం ఆడ విన్నది, సగం మనింటి కాడ విన్నది. కలిసిపోయినయి."

ఆయన సంగతి ముక్కలు ముక్కలుగా తెలిసింది. పాతికేళ్ల వయసులో ఊళ్లో పని దొరకక ఒక మేస్త్రీ వెంట వెళ్లి, ఇరవై ఏళ్లు ఆ కొండల్లో రోడ్ల పని చేశాడు. హిందీ, ఆ కొండవాళ్ల మాట రెండూ నేర్చుకున్నాడు. చలికి పని ఆగిపోయిన నెలల్లో, వాళ్ల పొయ్యిల దగ్గర కూర్చుని కథలు విన్నాడు. ఇప్పుడు సిరిసిల్లలో కూతురింట్లో ఉంటున్నాడు.

ఆ సాయంత్రం ఇంటికి పోయి మా అమ్మకు ఆ కథ చెప్పాను. మాది కూలి చేసుకుని బతికిన కుటుంబం. నేను పుట్టకముందే చర్చికి పోవడం మొదలుపెట్టారు. మూడు పిలుపుల దాకా విని అమ్మ, "మా అవ్వ గూడ గదే చెప్పేది, మూడుపార్లు పిలిస్తెనే పలుకుమని" అంది. ఆ మరుక్షణమే ఏదో తప్పు చేసినట్టు మొహం ముడుచుకుంది. "గవన్ని సైతాను ముచ్చట్లు. తలకెక్కించుకోకు" అని లేచి వెళ్లిపోయింది. మా తాతమ్మ ఇంకేం చెప్పేదని ఎంత అడిగినా నోరు విప్పలేదు. ఒక తలుపు సందులోంచి వెలుగు కనబడి, అంతలోనే ఎవరో గడియ వేసినట్టయింది నాకు.

ఆ తర్వాత ప్రతి మంగళవారం కోసం చూడసాగాను. ఆయన కొండగట్టులో దర్శనం చేసుకుని పదకొండు గంటలకల్లా వచ్చేవాడు. కానీ ఆయనతో పని చేయడం మాటలు కాదు. ఆయన "వచ్చిండు" అని రాస్తే నేను "వచ్చాడు" అని దిద్దాను. పుస్తకమంటే అట్లా ఉండాలి కదా అని నా తెలివి. ప్రూఫు చదివి ఎర్రపెన్నుతో అన్నీ కొట్టేశాడు.

"వచ్చాడు అంటె వీడు మనోడు కాదనిపిస్తది అమ్మా. మళ్ల మార్చు."

నలభై పేజీలు మళ్లీ మార్చాను. లోపల ఉడికిపోతూనే మార్చాను. కొండ మీద నుంచి దిగివచ్చే రోడ్డే పామై, తనను వేసినవాళ్ల ఊళ్లను వెతుక్కుంటూ పోయే కథ ఒకటి ఉండేది. అది సగంలో ఆగిపోయింది. పాము ఒక ఇంటి గుమ్మం ముందు పడగ దించి నిలబడింది, అంతే. తర్వాత తెల్ల కాగితం.

"దీనికి చివర ఏది కాకా?"

"లేదు. చెప్పిన ముసలామె గంతవరకే చెప్పింది. తెల్లారి మా పని ఇంకో కొండకు మార్చిండ్రు."

"అయితే మీరే రాయరాదా? ఎవలు అడుగుతరు?"

"నాకు తెల్వంది ఎట్ల రాస్త?"

"కొండ మాట్లాడిందని రాసినవు గదా, గది తెలుసా నీకు?" అన్నాను కోపంతో. ఆయన నొచ్చుకోలేదు. "గది తెలుసు" అన్నాడు.

ఆయన చాయ్ కొట్టు కథ తెచ్చింది ఆ తర్వాతి వారం. కొండల నడుమ కనుమ దారి మంచుతో మూసుకుపోయిన రోజుల్లో మాత్రమే కనబడే ఒక చాయ్ కొట్టు. నడిపేది ఒక ఆడమనిషి. ఆమె పైసలు తీసుకోదు. "మీ ఊరి మాట ఒకటి ఇచ్చి పో" అంటుంది. ఇచ్చిన మాట మళ్లీ ఆ మనిషి నోటికి రాదు. కూలీలు నవ్వుకుంటూ ఇచ్చారు. ఒకడు "గడ్డపార" ఇచ్చి, మర్నాడు పని దగ్గర చేతులతో సైగలు చేశాడు. ఒకడు బూతుమాట ఇచ్చి మంచివాడైపోయాడు. కథ చెప్పేవాడు చివరగా పోయాడు. చలికి వేళ్లు నల్లబడుతున్నాయి. "నోట్లో అన్నిటికన్నా వెచ్చగున్న మాటియ్యి" అని అడిగింది ఆమె. ఇచ్చాడు. ఏళ్ల తర్వాత మొదటిసారి సెలవు మీద ఇంటికి వస్తే, నాలుగేళ్లప్పుడు వదిలిపోయిన పిల్ల పదకొండేళ్లదై గుమ్మంలో నిలబడి ఉంది. పిలుద్దామని నోరు తెరిచాడు. నాలుక తిరగలేదు.

ఆ మాట ఏమిటో నోట్‌బుక్కులో లేదు. అది రావలసిన ప్రతిచోటా చిన్న గీత గీసి ఉంది. మరచిపోయాడనుకున్నాను. అర్థం తెలుస్తూనే ఉంది కదా అని అన్నిచోట్లా "బిడ్డ" అని టైపు చేశాను. ప్రూఫు చూసి ఆయన ఎర్రపెన్ను తీశాడు. తర్వాత ఒక్కొక్కటి కొట్టేసి, పైన మళ్లీ గీతలు పెట్టాడు.

అప్పుడు తట్టింది నాకు. మా దిక్కు ఆయన వయసు వాళ్లు నాలాంటిదాన్ని "బిడ్డా" అనే పిలుస్తారు. ఇన్ని వారాల్లో ఆయన ఒక్కసారి కూడా అట్లా పిలవలేదు. "అమ్మా" అనేవాడు. అదే అడిగితే నవ్వాడు.

"కథమ్మా గది. కథను కథ లెక్క కొట్టు."

మరుసటి వారం షాపులో కంప్యూటరు ఆగిపోయింది. బాగుచేసేవాడు వచ్చి, ఏదీ అడగకుండా మొత్తం తుడిచేసి కొత్తగా ఎక్కించి పోయాడు. పెళ్లి పత్రికల నమూనాలు మా ఓనరు వేరే చోట దాచుకున్నాడు. కథలు దాచాలని నాకు తోచలేదు. ఎవరిని తిట్టాలి? నన్నే తిట్టుకున్నాను. రెండు నెలల పని, ఎనిమిది కథలు, ఒక్క పూటలో పోయాయి. ప్రూఫులన్నీ ఆయన పట్టుకుపోయేవాడు. నోట్‌బుక్కులు సిరిసిల్లలో ఉన్నాయి. ఆయన చూస్తే ఆ మంగళవారం రాలేదు, ఆ పై మంగళవారమూ రాలేదు. ఫోను చేస్తే స్విచ్చాఫ్.

మూడో వారం సెలవు పెట్టి సిరిసిల్ల బస్సెక్కాను. ఇంటి గుర్తులు మాటల్లో ఒకసారి చెప్పి ఉన్నాడు. ఆ సందులోకి తిరగగానే సాంచెల చప్పుడు చెవులు హోరెత్తించింది. రెండిళ్లకొక ఇంట్లో మరమగ్గాలు ఆడుతున్నాయి. వాళ్ల ఇంట్లో మాత్రం కుట్టు మిషను. ఆయన కూతురు లంగాలు కుట్టే పని చేస్తుంది. నలభై ఐదేళ్లుంటాయి. చుట్టూ రంగురంగుల గుడ్డ కుప్పల మధ్య కూర్చుని, తలెత్తి నన్ను చూసింది.

"జగిత్యాల నుంచి వచ్చిన అక్కా. కాక కథలు టైపు కొడుతున్న."

"ఏం కథలు?"

ఆమెకు తెలియదు. "అంజన్న కాడికి పోతున్న అని చెప్పి పోయేటోడు గదా ప్రతి మంగళవారం" అంది. గడపలోనే ఆయన గుట్టు బయటపెట్టేశాను.

పెద్దాయన లోపల మంచం మీద ఉన్నాడు. కంటి ఆపరేషన్ అయింది, ఒక కన్నుకు కట్టు, రెండో కన్ను ముందే సరిగా కనబడదు. నా గొంతు గుర్తుపట్టి లేచి కూర్చున్నాడు. కంప్యూటరు సంగతి చెప్పి, తలవంచుకుని నిలబడ్డాను. తిడతాడనుకున్నాను. తిట్టినా బాగుండేది.

"పోతే పోయినయ్ తియ్యి. బుక్కులున్నయి గదా. ఫోన్ల ఫొటోలు తీస్కపో" అన్నాడు.

ట్రంకుపెట్టెలోంచి కూతురే నోట్‌బుక్కులు తీసింది. ఏ కథ ఎక్కడుందో ఆయన చూసి చెప్పలేడు. అందుకని ఆమె పేజీలు తిప్పుతూ ఒక్కొక్కదాని మొదటి లైను చదివి వినిపించడం, ఆయన "గది తియ్యి" అనడం, నేను ఫొటో తీయడం. బాగానే సాగింది. కొండ పిలుపు కథలో ఆమె నాలుగు లైన్లు ఎక్కువ చదివి, "ఓ బాపూ, గిదంత నువ్వే రాసినవా?" అని నవ్వింది కూడా. ఆయన మొహంలో ఎంత సంతోషమో.

తర్వాతి పేజీ చాయ్ కొట్టు. మొదటి లైను వినగానే ఆయన, "గది ఇడ్సిపెట్టు, ఇంకోటి సూడు" అన్నాడు. అట్లా అనకుండా ఉంటే ఆమె పేజీ తిప్పేసేదేమో. అన్నాక ఆగుతుందా? చదువుతూ పోయింది. గడ్డపార దగ్గర నవ్వింది. వెచ్చని మాట దగ్గర గొంతు నెమ్మదించింది. గుమ్మంలో పిల్ల దగ్గరకు వచ్చింది. "నా..." అని చదివి ఆగిపోయింది. గీత మీద వేలు పెట్టింది.

"గీడ ఏముండాలె బాపూ?"

ఆయన మొహం గోడ వైపు తిప్పుకున్నాడు.

"నిన్నే అడిగేది. గీ గీత కాడ ఏముండాలె?"

ఆమె నా వైపు తిరిగింది. నాకు తెలుసని నా మొహమే చెప్పి ఉంటుంది. నోట్‌బుక్కు మూసి ఒళ్లో పెట్టుకుంది. అరవలేదు. మామూలు గొంతుతోనే అంది.

"చెల్లె, నాకు నాలుగేండ్లప్పుడు పోయిండు. మా అమ్మ చచ్చిపోయిన్నాడు గూడ రాలే. మంచుల దారి మూసుకపోయింది అన్నడు. వచ్చినంక కూడ నన్ను నోరార పిలువలే. నేనేం తప్పు చేసిన్నో అని ఎన్నేండ్లు అనుకున్ననో నీకు తెల్వదు. ఇప్పుడు ఎవతో చాయ్ అమ్మేది మాట గుంజుకున్నదని రాస్తుండు."

"గట్ల కాదే..." అన్నాడు ఆయన.

"ఎట్ల మరి? చెప్పు. ఇప్పుడు పిలువు."

ఆయన నోరు తెరిచాడు. కట్టు లేని కన్ను ఆమె వైపు వెతుక్కుంది. పెదవులు కదిలాయి, మాట రాలేదు. అది మొండితనమో, సిగ్గో, ముప్పై ఏళ్లకు పైగా వాడని మాట నిజంగానే రాకుండా పోయిందో నాకు తెలియదు. నేను అక్కడ ఉండకూడదనిపించింది. ఉండిపోయాను.

కాసేపటికి ఆమె నోట్‌బుక్కు నా చేతికిచ్చింది. "అన్ని ఏస్కోండ్రి. గిదొక్కటి వద్దు."

నేను ఊరుకోలేదు. ఊరుకోవలసింది. అన్నిటిలోకీ బాగున్న కథ ఇదేనని, చదివినవాళ్లకు ఇది ఎవరి ఇంటి సంగతో తెలియదని, పేర్లు కూడా లేవని చెప్పాను.

"మీ బాపుదైతే ఏస్తువా?" అంది.

మా నాన్న ఎక్కడికీ పోలేదు. కోరుట్ల దాటి పని వెతుక్కోలేదు. నన్ను రోజుకు పదిసార్లు బిడ్డా అని పిలిచేవాడు.

"ఆమె అన్నట్టె కానీ అమ్మా" అన్నాడు పెద్దాయన.

కానీ ఆ పేజీల ఫొటోలు కూడా తీసుకున్నాను. ఆమె చాయ్ పెట్టడానికి లోపలికి పోయినప్పుడు తీశాను. దొంగతనమే. ఆయనకు నా ఫోను చప్పుడు వినబడే ఉంటుంది, వద్దనలేదు.

మిగతా కథలన్నీ మళ్లీ కొట్టడానికి ఆరు వారాలు పట్టింది. కోరుట్లలో ఒక ప్రెస్సుకు ఇచ్చాను. ఫాంటు కుదరక వాళ్ల దగ్గర ఒత్తులన్నీ ఎగిరిపోయాయి. రెండుసార్లు పోయి కూర్చుని దిద్దించాను. అట్ట మీద ఉత్త కొండ ఉంటే చాలని చెప్పి వచ్చాను. పుస్తకాలు చేతికొచ్చాక చూస్తే, ఇంటర్నెట్లోంచి తీసిన మంచు కొండ ముందు జుట్టు విరబోసుకున్న తెల్లచీర దయ్యం నిలబడి ఉంది. "గట్లుంటేనే కొంటరు మేడం" అన్నాడు ప్రెస్సాయన. అక్కడే ఏడుపొచ్చింది.

ఎవరూ కొనలేదు. మా షాపు కౌంటరు మీద పెడితే ఓనరు రెండు రోజులకే తీయించాడు, శుభకార్యాల కార్డుల పక్కన దయ్యాల పుస్తకమేమిటని. ఒక రీడింగ్ రూముకు పట్టుకుపోతే, పోటీ పరీక్షల పుస్తకాలుంటే ఇవ్వమన్నారు. మా అమ్మ అట్ట చూసి, పుస్తకాన్ని బైబిలు ఉన్న గదిలో పెట్టొద్దంది. చందుర్తిలో ఒక బడి పంతులు మాత్రం పిల్లలకు కొండ పిలుపు కథ చదివి వినిపించాడట. మూడో పిలుపు దగ్గర క్లాసంతా ఊపిరి బిగబట్టిందని ఫోను చేసి చెప్పాడు. ఆ మాట ఎవరికి చెప్పుకోవాలో తెలియక బస్సులో ఒక్కదాన్నే నవ్వుకున్నాను.

పెద్దాయనకు పుస్తకాలు నేనే పట్టుకుపోయి ఇచ్చాను. కన్ను కొంచెం కుదుటపడింది. అట్ట మీది దయ్యాన్ని దగ్గరగా పెట్టుకుని చూసి, "గీమె ఎవలు?" అని అడిగాడు. నేను మాట మార్చాను. పాము కథకు చివర దొరికిందా అని అడిగాను. లేదన్నాడు. కూతురు మిషను ఆపకుండానే నాకు కూర్చోమని పీట చూపించింది.

ఇది జరిగి ఏడాది దాటింది. మొన్న ఎండాకాలంలో ఒక మధ్యాహ్నం ఆమె నుంచి ఫోను వచ్చింది. వెనక మిషను చప్పుడు లేదు.

"చెల్లె, గా చాయ్ కొట్టు కథ నీ కాడ ఉన్నదా?"

ఫొటోలు తీసిన సంగతి ఆయన చెప్పాడో, ఆమే చూసిందో. అబద్ధం చెప్పలేకపోయాను.

"ఉన్నది అక్కా. పంపాల్నా?"

ఫోను పెట్టేసిందనుకున్నాను.

"వద్దు. తీసెయ్యకు గని" అంది.

"కాక మంచిగున్నడా?"

"ఉన్నడు. గీన్నే కూసున్నడు" అని పెట్టేసింది.

ఆమె ఎందుకు అడిగిందో, ఆయన పక్కనుండగా ఎందుకు అడిగిందో, ఆ ఇంట్లో ఏం జరిగిందో నాకు తెలియదు. మళ్లీ రెండుసార్లు ఏదో సాకుతో ఫోను చేశాను. ఎండల గురించి, కరెంటు గురించి మాట్లాడింది. నేను అడగలేదు, ఆమె చెప్పలేదు. పదకొండు పేజీల ఫొటోలు నా ఫోనులో ఉన్నాయి. ఈమధ్య షాపులో గిరాకీ లేనప్పుడు వాటిని మళ్లీ కొట్టాను, ఈసారి మూడు చోట్ల దాచాను. గీతలు ఎట్లా ఉన్నవి అట్లాగే పెట్టాను.